ముప్పై సిట్టింగులు, ఒక నోటుపుస్తకం: నోటి క్యాన్సర్ చికిత్సలో ఓ గోదావరి లంక కుటుంబం

నోటి క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టడం మొదలయ్యాక ఇంట్లోవాళ్ల వల్ల జరగగలిగిన పెద్ద మేలు సిట్టింగు, అంటే ఏ రోజు పెట్టాల్సిన కరెంటు ఆ రోజు, తప్పకుండా చూడటం. వంట, నోటి శుభ్రం, నొప్పి మాత్రలు, బస్సు టైములు, బంధువుల పరామర్శలు అన్నీ చివరికి అక్కడికే వచ్చి ఆగుతాయి. రేడియేషన్ నడుస్తున్న కొద్దీ మిగిలిన క్యాన్సర్ కణాలు కూడా పెరగడానికి చూస్తుంటాయి. సుమారు నాలుగో వారం నుంచి ఆ పెరుగుదల ఇంకా వేగమవుతుంది. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స ఒక్కో రోజు సాగిన కొద్దీ జబ్బు అదుపులో ఉండే అవకాశం దాదాపు ఒక్కో శాతం తగ్గుతుందని లెక్క. ఈ కేసులో నాలుగు రోజులు పోయాయి, రెండు తిరిగి దక్కాయి. ఏ రోజు ఎందుకు పోయిందో, పోవాల్సిన రోజులు ఎలా నిలబడ్డాయో దగ్గరుండి చూసిన మేము రాస్తున్నాం. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

మనిషి, జబ్బు

వయసు 58. కోనసీమలో ముక్తేశ్వరం వైపు ఒక లంక గ్రామం. ముప్పై ఏళ్లు కొబ్బరి దింపు పని, అంతకాలమూ లంక పొగాకు చుట్ట. కుడి బుగ్గ లోపల మానని పుండు. మూడు నెలలు పన్ను గీరుకుందనుకుని బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్నారు. ముక్క పరీక్షలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి బుగ్గలో గడ్డ, మెడలో గ్రంథులు తీశారు. రేడియేషన్ పడే చోట పాడైన మూడు పళ్లు కూడా అప్పుడే పీకేశారు. ఇది మంచి పని. రేడియేషన్ మొదలయ్యాక పళ్లు పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. ముందే పీకితే చిగురు మానడానికి రెండు మూడు వారాలు దొరుకుతాయి.

రిపోర్టులో ఒక గ్రంథిలో జబ్బు పొర దాటి బయటికి వచ్చిందని ఉంది. అలాంటప్పుడు రేడియేషన్ ఒక్కటే సరిపోదు, కీమో కలపాలి. మొత్తం 60 గ్రే (రేడియేషన్ కొలత), 30 సిట్టింగులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు వారాలు. వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 40 మి.గ్రా. చొప్పున, ఈయన ఒళ్లుకి సుమారు 60 మి.గ్రా. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి. ఇక్కడ 38వ రోజున మొదలైంది. మొదటి సిట్టింగునాడు బరువు 54 కిలోలు.

ఇంట్లో భార్య, కోడలు ఉంటారు. కొడుకు కువైట్‌లో. కూతురిది రావులపాలెం. వైద్యం ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్లింది. ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర రేషన్ కార్డు, ఆధార్, ముక్క పరీక్ష రిపోర్టు మూడూ ఒకే కవరులో ఇస్తే అప్రూవల్ తొందరగా కదిలింది. పథకంలో పడనివి గది అద్దె, తిండి, ఆటోలు, పోయిన కూలి. ఇవి కలిపితే ఎంతవుతుందో మొదటిరోజే కాగితం మీద వేయించాలి. మూడో వారంలో డబ్బు అయిపోయి సిట్టింగులు మానేసే కుటుంబాలు ఉంటాయి. అడిగితే "ఆయనకి ఓపిక లేదండీ" అని చెబుతారు.

గోదావరి ఒప్పుకోవాలి కదా

జులై మొదటి సోమవారం మొదలైంది. లంకలో మనిషికి ఆ నెల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మొదటి నాలుగు రోజులు ఇంటి నుంచే తిరిగారు: తెల్లవారి ఐదింటికి లేచి, కోటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బళ్లని దాటించే పడవ) ఎక్కి గోదావరి దాటి, అక్కణ్ణుంచి కాకినాడ. రాను పోను ఐదు గంటలు. చికిత్స పట్టేది పదిహేను నిమిషాలు.

కాకినాడలో గది తీసుకోమంటే పెద్దావిడ, అంటే ఆయన భార్య, ఒప్పుకోలేదు. గేదెలున్నాయి, ఇల్లు ఎవరు చూస్తారు అన్నారు. ఆవిణ్ణి ఒప్పించడానికి ధవళేశ్వరం లెక్క పనికొచ్చింది. ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకి, పది లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకి, 13 లక్షలకి రెండోది. 17.75కి, 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చేసరికే పంటు ఆపేస్తారు, లంక కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది. ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్దామన్నా ముందు లంకలోంచి బయటపడాలి. 2022 జులైలో 25 లక్షలు దాటిన వరద ఆ ఇంట్లో అందరికీ గుర్తే. మొదటి హెచ్చరిక అయిదో సిట్టింగు ముందురోజు వచ్చింది. ఆ రాత్రే ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకున్నారు. కూతురు రావులపాలెం నుంచి గ్యాస్ స్టవ్, మిక్సీ తెచ్చిపెట్టింది. గేదెలు పాలివాళ్ల ఇంటికి వెళ్లాయి. తర్వాత తొమ్మిది రోజులు కాజ్‌వే నీళ్లలోనే ఉంది. ఆ తొమ్మిది రోజుల్లో వరద వల్ల ఒక్క సిట్టింగూ పోలేదు. డెల్టాలో జులై నుంచి సెప్టెంబరు మధ్య చికిత్స పడితే గది సంగతి ముందే తేల్చుకోవాలి, రేవు దగ్గరికి వెళ్లి చూసుకుందాంలే అనుకోకూడదు.

తొమ్మిదో సిట్టింగు: జబ్బు పేరు దాచిన ఫలితం

ఆయనకి ఎవరూ జబ్బు పేరు చెప్పలేదు. "పుండు మానడానికి కరెంటు పెడతారు" అన్నారు. కువైట్ నుంచి కొడుకు గట్టిగా చెప్పాడట, నాన్నకి తెలిస్తే తట్టుకోలేడని.

రేడియేషన్ మాస్కు సంగతి చూడనివాళ్లకి తెలియదు. వేడినీళ్లలో మెత్తబడే వలలాంటి ప్లాస్టిక్ పలక అది. నుదుటి నుంచి భుజాల దాకా పరిచి, గట్టిపడేదాకా అదిమి పడతారు. రోజూ దాన్ని తొడిగి బల్లకి క్లిప్పులతో బిగిస్తారు. తల అంగుళం కూడా కదలదు. నోట్లో ఎంగిలి నిలుస్తుంది, మింగడం కష్టం. మనుషులందరూ బయటికి వెళ్లి తలుపు వేసుకుంటారు. పుండు కోసమే ఇంత బిగింపు ఎందుకని మనిషికి అనుమానం రాకుండా ఉండదు. తొమ్మిదో రోజున బల్ల మీంచి లేచి వచ్చేశారు. "పుండు తీసేశారు కదా, ఇంకా దేనికీ?" అన్నారు. ఆ రోజు పోయింది.

ఆ సాయంత్రం గదిలో భార్యని పక్కన కూర్చోబెట్టి మాట్లాడాం. ముందు ఆయనకి ఏం తెలుసో అడిగాం. "క్యాన్సరే కదండీ," అన్నారు, "పక్క బల్ల మీద కుర్రాడు చెప్పాడు." తెలిసి పది రోజులైంది. ఇంట్లోవాళ్లు బాధపడతారని ఆయనా ఎత్తలేదు. ఎన్ని సిట్టింగులు, ఎప్పటికి అయిపోతాయి, ఏ వారంలో ఎంత కష్టం అన్నవి ఆయనకి తేదీలతో చెప్పాం. మాస్కులో ఊపిరాడకపోతే చెయ్యెత్తమని, కెమెరాలో చూసి మిషన్ ఆపి లోపలికి వస్తారని చెప్పి, ఒకసారి ఎత్తించి చూపించాం. మర్నాడు వచ్చారు. పోయిన సిట్టింగుని ఆ శనివారం పెట్టించుకోగలిగాం. కొన్నిచోట్ల ఒకే రోజు రెండు పెడతారు, మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి. ఏదైనా అడిగితేనే జరుగుతుంది.

నోటుపుస్తకం

రెండు వందల పేజీల మామూలు బళ్ల పుస్తకం. రాయడం కోడలి పని. డాక్టరుతో మాట్లాడేదీ ఆవిడే. కొడుకు రోజూ రాత్రి ఫోన్లో ఒక్కో సలహా పంపేవాడు: కషాయాలు, క్షారపు నీళ్లు, ఎవరో ఫార్వర్డ్ చేసిన పసరు. వాటిని కాదని గొడవపడకుండా ఆవిడ ఆ ప్రశ్నలు కూడా పుస్తకంలో రాసి సోమవారం డాక్టరుని అడిగి జవాబు ఫోటో తీసి పంపేది. రెండు వారాలకి ఆ సలహాలు తగ్గిపోయాయి. ఒక పేజీ ఇలా ఉంది:

"సిట్టింగు 17. బరువు 50.8. జ్వరం పొద్దున 98.4, సాయంత్రం 99. నోటితో తాగింది 700. పుక్కిలింత 6 సార్లు. విరేచనం లేదు, రెండో రోజు. నొప్పి పదికి 7. కుడి బుగ్గ లోపల తెల్లగా పొర. చెవిలో గుయ్యిమని లేదు."

ఇందులో ప్రతి మాటా ఎవరికో ఒకరికి పనికొస్తుంది. చెవిలో మోత సిస్‌ప్లాటిన్ గురించి. జ్వరం పారాసిటమాల్ వేయకముందు చూసినదే లెక్క, వేశాక చూస్తే అది దాగిపోతుంది. 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికే. 700 మి.లీ. అంటే ఆ రోజు ఆయన తిన్నది, తాగింది మొత్తం అంతే. తెల్లపొర చూసి డాక్టరు ఫంగస్ అన్నారు, ఫ్లుకొనజోల్ రాశారు. కోడలు పుస్తకం తీసుకుని ముందుకు వస్తే ఓపీలో నాలుగు నిమిషాల్లో అయ్యే పని, పుస్తకం లేకపోతే "ఎలా ఉన్నారు?" "అలాగే ఉన్నారండీ" అన్న మాటల్లో పోతుంది.

నోరు

పుళ్లు రెండో వారం చివర మొదలై అయిదు, ఆరు వారాల్లో ముదురుతాయి. పుక్కిలించే నీళ్లు: కాచి చల్లార్చిన లీటరు నీళ్లకి ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా. రోజుకోసారి కొత్తగా కలపాలి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, తిన్న వెంటనే తప్పకుండా. బజారులో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది, పుండు మీద నిప్పే. నొప్పి తగ్గించే బెంజిడమైన్ మౌత్‌వాష్ అయితే డాక్టరు రాస్తే వాడవచ్చు. పళ్లు చిన్నపిల్లల మెత్తటి బ్రష్షుతో తోమాలి. వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పు నలుగు వద్దు.

మెడ మీద చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. పెద్దావిడ పసుపు, కొబ్బరినూనె కలిపి రాయబోయారు. సిట్టింగుకి ముందు ఏ పూతా ఉండకూడదు. తర్వాత డాక్టరు ఇచ్చిన క్రీము మాత్రమే. బ్లేడుతో గడ్డం గీయకూడదు. మెత్తటి పాత నూలు పంచె ముక్కని కండువాలా వేసుకుంటే ఎండ తగలదు.

దవడ బిగుసుకుపోకుండా ఐస్‌క్రీమ్ పుల్లల కొలత పెట్టాం. పళ్ల మధ్య ఎన్ని పట్టాయో రోజూ రాయడం. మొదట 14 పట్టాయి, ఇరవయ్యో సిట్టింగుకి 10. రోజుకి అయిదు సార్లు, నొప్పి మొదలయ్యేదాకా తెరిచి పది లెక్కపెట్టేంతసేపు ఆపాలి. దీన్ని మానేసినవాళ్లలో కొందరికి ఆర్నెల్ల తర్వాత చెంచా కూడా దూరదు.

చుట్ట విషయంలో మేము ఇంట్లోవాళ్లనే కాక, పరామర్శకి వచ్చేవాళ్లని కూడా కాపలా కాయాల్సి వచ్చింది. దింపు మేస్త్రి ఒకరు "పాపం, ఒక్క దమ్ము" అని జేబులో పెట్టుకొచ్చారు. పొగ తాగుతుంటే రేడియేషన్ పట్టు తగ్గుతుంది, పుళ్లు ఎక్కువవుతాయి. నోట్లో పుళ్లున్నప్పుడు నికోటిన్ గమ్ కుదరదు, చర్మానికి అంటించే ప్యాచ్ డాక్టరు రాశారు.

మెడనొప్పికి ఒక ఇంజెక్షన్

పదిహేనో సిట్టింగు తర్వాత శనివారం, నీళ్లు తీశాయని ఇంటికి వెళ్లారు. మెడ లాగేస్తోందంటే ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు, మర్నాడు మళ్లీ. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద భారం వేసే మందు, ఈ జాతి నొప్పి మందులు వాటికి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, పైగా ఆయన తాగేది లీటరు లోపే. మూడూ కలిశాయి. సోమవారం రక్తపరీక్షలో, మూత్రపిండాల పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ 1.0 నుంచి 1.8కి పెరిగింది. ఆ వారం కీమో ఆపేశారు. సెలైన్లు ఎక్కించారు. రేడియేషన్ మాత్రం ఆగలేదు.

కొబ్బరినీళ్ల సంగతి కూడా ఇక్కడే. కోనసీమలో రోగికి బొండం ఇవ్వకపోతే చూడటానికి వచ్చినవాళ్లు ఊరుకోరు. మామూలప్పుడు మంచిదే. క్రియాటినిన్ పెరిగినప్పుడు మాత్రం అందులో పొటాషియం గుండెకి చేటు. రోజూ బొండం తాగుతున్న మనిషికి, రిపోర్టు సరిగ్గా వచ్చేదాకా, ఒక్కటి కూడా లేకుండా చేశాం.

ఆరు కీమోల్లో అయిదు పడ్డాయి. మొత్తం చదరపు మీటరుకు 200 మి.గ్రా. అయింది, చాలామంది క్యాన్సర్ డాక్టర్లు పెట్టుకునే గురి అదే. కోడలు నోటుపుస్తకం అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసింది: "డైక్లో, బ్రూఫెన్, ఏ నొప్పి సూదీ వద్దు. ముందు ఫోన్." ఆ అట్టని ఆర్‌ఎంపీగారికి కూడా చూపించింది. ఆయన తర్వాత బరువు చూడటంలో సాయం చేశారు.

నొప్పికి మార్ఫిన్ మొదలుపెట్టింది క్రియాటినిన్ దిగాకే: 5 మి.గ్రా., నాలుగు గంటలకోసారి. "నల్లమందు కదండీ, అలవాటైపోతారేమో" అని పెద్దావిడ పూట తప్పించేవారు. తప్పించిన పూటల్లో ఆయన గుటక కూడా మింగలేదు. మార్ఫిన్‌తో పాటు విరేచనాల మాత్ర తప్పనిసరి, వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్ కూడా మలబద్ధకం చేస్తుంది కాబట్టి మరీను. చికిత్స అయ్యాక నెల రోజుల్లో డాక్టరు మెల్లగా తగ్గిస్తూ ఆపించారు.

ట్యూబు, మాస్కు

పన్నెండో సిట్టింగునాడే తిండి పోయడానికి ముక్కు గొట్టం (ట్యూబు) వేయిద్దామన్నాం. కుటుంబం ఒప్పుకోలేదు. ఊళ్లో ముక్కులో గొట్టంతో కనిపించిన మనిషి ఎవరూ తిరిగి లేవలేదన్నది వాళ్ల అనుభవం. ఒప్పుకునేసరికి పద్దెనిమిదో సిట్టింగు, 50.5 కిలోలు. ఇరవయ్యో సిట్టింగునాడు 49.6. ఆ రోజు మాస్కు తొడుగుతూ టెక్నీషియన్ చెంప పక్కన వేలు పెట్టి చూశారు, వేలు దూరింది. మాస్కు వదులైతే తల కదులుతుంది, కిరణం పడాల్సిన చోట పడదు. మళ్లీ మాస్కు, మళ్లీ సీటీ స్కాన్, మళ్లీ ప్లాను. సోమ, మంగళవారాలు పోయాయి. వాటిలో ఒకటి శనివారం తిరిగొచ్చింది. పన్నెండో రోజున ట్యూబు పడుంటే ఈ రెండూ పోయేవి కావనే మా నమ్మకం.

ట్యూబులో పోసే తిండి లెక్క 54 కిలోల మనిషికి వేశాం. ఒక రోజుకి: గేదెపాలు అర లీటరు, గుడ్లు 4, బియ్యం 100 గ్రాములు, పెసరపప్పు 75, రాగిపిండి 40, నూనె లేక నెయ్యి 30, బెల్లం 30. సుమారు 1,900 కిలో కేలరీలు, 73 గ్రాముల మాంసకృత్తులు. పసిపిల్లలకి ఉగ్గు వండటం తెలిసిన ఇంట్లో దీన్ని వేరే నేర్పక్కర్లేదు. అన్నం, పప్పు మెత్తగా ఉడికించి, ఉడికిన గుడ్డు కలిపి మిక్సీలో వేసి, పల్చటి నూలు గుడ్డలో వడగట్టాలి. మొత్తం 1,800 మి.లీ. అయ్యేలా పల్చన చేసి, ఎనిమిది సార్లు 225 చొప్పున.

మొదటి రెండు రోజుల్లోనే ట్యూబు పూడిపోయింది. కారణం రాగి జావ, చల్లారాక గడ్డకట్టడం. దీనికి డెల్టాలో పాతకాలపు చిట్కా ఒకటుంది: మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన రాగిపిండి ఒక చెంచా గోరువెచ్చటి జావలో కలిపితే పది నిమిషాల్లో నీళ్లలా జారుతుంది. మొలకలోని పదార్థం పిండిని కరిగిస్తుంది. తర్వాత ఒక పొంగు మరిగించి చల్లార్చాలి. పూడిన ట్యూబుని గోరువెచ్చటి నీళ్లు 20 మి.లీ. సిరంజితో మెల్లగా నెట్టి, లాగి తెరవాలి. పుల్ల, తీగ పెట్టకూడదు.

పోసేటప్పుడు మనిషి దిండ్లకి చేరబడి కూర్చోవాలి, పోశాక ముప్పావు గంట పడుకోకూడదు. ముక్కు దగ్గర ట్యూబు మీద స్కెచ్ పెన్నుతో గీత ఉంటుంది. గీత బయటికి జరిగినా, పోస్తుంటే దగ్గు వచ్చినా ఆపేసి ఆస్పత్రికి. తిండికి ముందు 50, తర్వాత 50 మి.లీ. నీళ్లు. అలా రోజుకి ఇంకో 800 నీళ్లు వెళ్తాయి, మూత్రపిండాలకి అదే కావాలి. మాత్రలు ఒక్కోటి విడిగా పొడి చేసి నీళ్లలో కలపాలి. నిదానంగా కరిగే రకం మార్ఫిన్ మాత్రని పొడి చేయడం ప్రమాదం, మొత్తం డోసు ఒక్కసారే దిగుతుంది. వండింది బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. అందుకే రెండు పూటలా వండారు.

ట్యూబు ఉన్నా రోజుకి నాలుగైదు గుటకలు నీళ్లు నోటితో మింగాలి, లేకపోతే మింగే కండరాలు మర్చిపోతాయి. ఇదే సమయంలో పులస వచ్చింది. పుస్తెలమ్మైనా తినాలంటారు కదా, బావమరిది వల పట్టినాయనతో మాట్లాడి తెచ్చారు. చింతపండు, కారం పడిన పులుసు ఆ నోటికి పనికిరాదు, ముల్లు అసలే వద్దు. కోడలు ఒక ముక్కని ఉప్పుతో ఉడికించి, ముల్లు ఏరి, వడగట్టి ఆ నీళ్లు రెండు చెంచాలు నోట్లో పోసింది. రుచి తెలియలేదన్నారు. వాసన తెలిసిందన్నారు.

చివరి రోజులు

ఆగస్టు 15 శుక్రవారం సెలవు. అదే ముప్పయ్యో సిట్టింగు కావాల్సిన రోజు. 29, 30 తర్వాతి సోమ, మంగళవారాల్లో అయ్యాయి. 40 రోజుల్లో కావాల్సింది 44వ రోజున ముగిసింది. బరువు 50.4.

రోగిని చూసే హడావుడిలో ఎవరూ గమనించని సంగతి 26వ సిట్టింగునాడు బయటపడింది. పెద్దావిడకి కళ్లు తిరిగాయి, బీపీ 170/100. గదికి మారినప్పుడు ఆవిడ మాత్రలు లంకలో ఉండిపోయాయి. ఎవరినీ అడగలేదు. ఆ రోజు నుంచి నోటుపుస్తకం చివరి పేజీ ఆవిడది. రాత్రి కాపలా కూతురు, కోడలు వంతులేసుకున్నారు.

సిట్టింగులు అయిపోగానే నోరు బాగుపడదు. మరో వారం పది రోజులు పుళ్లు అలాగే ఉంటాయి, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. ఇది ముందే చెప్పకపోతే జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. ఈయనకి ట్యూబు సిట్టింగులు అయ్యాక అయిదో వారంలో తీశారు, పల్చటి గంజి, తర్వాత పెరుగన్నం. పుల్లలు 12కి వచ్చాయి. నోరు ఎండిపోవడం మాత్రం మిగిలింది, పక్కన నీళ్ల సీసా ఉండాల్సిందే. మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి చెకప్, ఆర్నెల్లకోసారి థైరాయిడ్ పరీక్ష. మెడకి కరెంటు పడ్డవాళ్లలో థైరాయిడ్ మందగించడం మామూలే.

కోడలు అట్ట మీద ఎర్ర అక్షరాల కింద మరో లైను చేర్చింది: "పన్ను పీకించేముందు రేడియేషన్ డాక్టరుకి ఫోన్. ఎన్నేళ్లయినా."